నలుగురు లా మేస్టార్ల ఉత్తరం

లా కాలేజీలో పాఠాలు చెప్పుకునేవాళ్ల వల్ల ఠాణాలో నలిగేవాళ్లకి ఏం ఒరుగుతుందని మనవాళ్లు అడుగుతుంటారు. తుకారాం కేసు చూద్దాం. (బాధితురాలి పేరుతో పిలవడం లోకానికి అలవాటైంది. మేం ముద్దాయి పేరుతోనే పిలుస్తాం.)

1972 మార్చి. మహారాష్ట్రలో దేశాయ్‌గంజ్ ఠాణా. తనపై ఇద్దరు పోలీసులు అఘాయిత్యం చేశారని ఓ ఆదివాసీ పిల్ల చెప్పింది. సెషన్స్ కోర్టు వాళ్లని వదిలేసింది, బొంబాయి హైకోర్టు శిక్షించింది, 1978లో సుప్రీంకోర్టు మళ్లీ వదిలేసింది. ఒంటిమీద గాయాల్లేవు, కేకలేసిందన్నది నమ్మలేం, కాబట్టి ఇష్టపడే జరిగిందంది.

1979 సెప్టెంబర్‌లో ఉపేంద్ర బక్షి, లొతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ అనే న్యాయశాస్త్ర అధ్యాపకులు ప్రధాన న్యాయమూర్తికే బహిరంగ లేఖ రాశారు. సమ్మతి వేరు, లొంగిపోవడం వేరు అన్నారు. ఠాణాలో ఇద్దరు పోలీసుల మధ్య చిక్కిన పేదపిల్ల అరిస్తే మాత్రం ఎవరొస్తారు? ఖాకీ అంటే పేదలకుండే భయాన్ని జడ్జీలు లెక్కలోకే తీసుకోలేదని ఎత్తిచూపారు. కొత్త సిద్ధాంతమేం కాదిది, క్లాసులో రోజూ చెప్పే తేడాయే. కానీ దాన్ని కోర్టు ముందే అడగడానికి గుండె కావాలి.

తీర్పు మారలేదు. ఆడవాళ్లు వీధుల్లోకొచ్చారు. 1983లో సాక్ష్య చట్టంలో 114-ఎ చేరింది. కస్టడీలో సంభోగం జరిగిందని రుజువై, తనకిష్టం లేదని ఆమె కోర్టులో చెబితే, ఇష్టం లేదనే కోర్టు భావించాలి. కాదంటే ముద్దాయే రుజువు చేసుకోవాలి. 2024 జూలై 1 నుంచి ఇదే నియమం భారతీయ సాక్ష్య అధినియంలో 120వ సెక్షన్. కార్యకర్తలు ఈ నంబరు డైరీలో రాసుకోవాలి, పాతది చెబితే ఠాణాలో తప్పుపడతారు.