ఆటగాళ్ల ఎంపికను ముందుగా అంచనా వేయడం: డ్రాఫ్ట్, వేలంపాట

1. పరిచయం

సంభావ్యతకు సంబంధించిన గుణన సిద్ధాంతాన్నీ, నియత సంభావ్యతనూ మీరు ఇంతకుముందు పాఠాల్లో చదివారు. వాటిని ఈ పాఠంలో ఆటల ప్రపంచంలోని ఒక సమస్యకు అన్వయించి చూద్దాం. సమస్య ఇది: వృత్తి క్రీడా జట్లు కొత్త ఆటగాళ్లను తీసుకునే రోజున ఏ జట్టు ఎవరిని ఎంచుకుంటుందో ముందుగా చెప్పగలమా? చెప్పగలిగితే ఎంత నమ్మకంతో చెప్పగలం?

ఇది కాలక్షేపం ప్రశ్నలా కనిపించవచ్చు. కానీ ఐపీఎల్ వేలం జరిగే రోజున విశాఖపట్నం, అనకాపల్లి ప్రాంతాల్లో కొడుకు పేరు ఎప్పుడొస్తుందా అని టీవీ ముందు కూర్చునే తల్లిదండ్రులు ఉన్నారు. 'అమ్ముడుపోలేదు' అన్న మాట తెర మీద పడితే, చాలా ఇళ్లలో దాన్ని 'వీడు పనికిరాడు' అని అర్థం చేసుకుంటారు. ఈ రెండు మాటలూ ఒకటి కావు. ఎందుకు కావో లెక్క వేసి చూస్తే తెలుస్తుంది.

2. డ్రాఫ్ట్ వేరు, వేలంపాట వేరు

మా బుచ్చయ్యపేట మండలం చెరకు రైతులకు వేలంపాట కొత్తగా చెప్పనక్కరలేదు. అనకాపల్లి మార్కెట్‌లో బెల్లం దిమ్మలు వరుసగా పెడతారు. వ్యాపారులు రంగు, గట్టితనం చూసి పాట పాడతారు. ఎవరు ఎక్కువ పాడితే సరుకు వారిది. అక్కడ ఎవరి వంతు ముందు అన్న ప్రశ్న రాదు. చేతిలో డబ్బుంటే చాలు, ఏ దిమ్మకైనా పాడవచ్చు. ఐపీఎల్ వేలం, ప్రో కబడ్డీ లీగ్ వేలం ఈ తరహావే.

అమెరికాలోని వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ పాటించే డ్రాఫ్ట్ అలా కాదు. అక్కడ డబ్బుతో పోటీ లేదు, వంతులుంటాయి. 30 జట్లు, రెండు రౌండ్లు, సాధారణంగా 60 ఎంపికలు. మొదటి వంతు వచ్చిన జట్టు తనకు నచ్చిన కుర్రాణ్ణి తీసుకుంటుంది. మిగిలినవారిలోంచి రెండో జట్టు తీసుకుంటుంది. ఇలా సాగుతుంది. 2015లో పంజాబ్‌కు చెందిన సత్నామ్ సింగ్‌ను డల్లాస్ జట్టు 52వ ఎంపికగా తీసుకుంది. ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన మొదటి భారతీయుడు అతనే.

మన పల్లెల్లో పిల్లలకు మూడో పద్ధతి ఒకటుంది. సమ ఉజ్జీలైన ఇద్దరు జతకట్టి పక్కకు వెళ్లి, గుట్టుగా చెరో మారుపేరు పెట్టుకొని, నాయకుల దగ్గరకొచ్చి "ఏది కావాలి?" అని అడుగుతారు. వీటినే ఉద్దులు అంటారు. ఎంచుకునేవాడికి తానెవరిని ఎంచుకుంటున్నాడో తెలియదు గనక పక్షపాతానికి చోటుండదు. ఎంత పెద్ద గణాంక నిపుణుడైనా అక్కడ సగానికి సగం అవకాశం అని మాత్రమే చెప్పగలడు. వృత్తి క్రీడల కంటే ఇదే న్యాయమైన పద్ధతి అని నా అభిప్రాయం. దాన్నలా ఉంచుదాం.

3. వంతుల వరుస ఎలా తేలుతుంది?

డ్రాఫ్ట్‌ను అంచనా వేసేవారికి మొదట కావలసింది వరుస. బలహీనమైన జట్టుకు ముందు వంతు ఇవ్వాలన్నది మూల సూత్రం. అయితే ముందు వంతు కోసం కావాలని ఓడిపోయే ప్రమాదం ఉంది. అందుకే ఎన్‌బీఏ 1985లో లాటరీ పెట్టింది. 2019 డ్రాఫ్ట్‌తో అమల్లోకి వచ్చిన పద్ధతి ప్రకారం, ప్లేఆఫ్స్‌కు చేరని 14 జట్లు లాటరీలో ఉంటాయి. 1 నుంచి 14 వరకు అంకెలున్న బంతుల్లోంచి నాలుగు బంతులు తీస్తారు. తీసిన క్రమంతో పని లేదు. మీకు తెలిసిన సంయోగాల సూత్రం ప్రకారం:

(14 × 13 × 12 × 11) ÷ (4 × 3 × 2 × 1) = 1001

ఇందులో ఒక సంయోగాన్ని వదిలేసి, మిగిలిన 1000ని జట్లకు పంచుతారు. అట్టడుగున ఉన్న మూడు జట్లకూ తలా 140 సంయోగాలు, అంటే మొదటి వంతు దక్కే సంభావ్యత 14 శాతం. అంతకుముందు చివరి స్థానంలోని జట్టుకు 25 శాతం ఉండేది. లాటరీ మొదటి నాలుగు వంతులనే నిర్ణయిస్తుంది. తక్కినవి గెలుపోటముల లెక్కను బట్టి వస్తాయి.

2025లో 1.8 శాతం అవకాశమే ఉన్న డల్లాస్‌కు మొదటి వంతు దక్కింది. వారు కూపర్ ఫ్లాగ్‌ను తీసుకున్నారు. మొదట వెళ్లేవాడు ఫ్లాగే అని దాదాపు అందరూ ముందే చెప్పారు. ఏ జట్టుకు వెళతాడన్నది మాత్రం లాటరీ అయ్యేదాకా ఎవరికీ తెలియదు. 'ఎన్నో స్థానంలో', 'ఏ జట్టుకు' అనేవి రెండు వేర్వేరు ప్రశ్నలని గుర్తుంచుకోండి.

4. ఒక చిన్న లెక్క

వరుస తేలింది అనుకుందాం. 'క' అనే ఆటగాడి గురించి మన అంచనాలు ఇలా ఉన్నాయి. మొదటి జట్టు అతణ్ణి తీసుకునే సంభావ్యత 0.1. అతను మిగిలి ఉంటే రెండో జట్టు తీసుకునే సంభావ్యత 0.3. అప్పటికీ మిగిలి ఉంటే మూడో జట్టు తీసుకునే సంభావ్యత 0.5. ఈ అంకెలు అభ్యాసం కోసం ఊహించినవి.

మొదటి స్థానంలో వెళ్లే సంభావ్యత = 0.1
రెండో స్థానంలో = 0.9 × 0.3 = 0.27
మూడో స్థానంలో = 0.9 × 0.7 × 0.5 = 0.315
ఆ తరవాత ఎప్పుడైనా, లేదా అసలు వెళ్లకపోవడం = 0.315

మూడో జట్టు 'క'ను ఎంతగా కోరుకుంటున్నా, అతను అక్కడికి చేరే సంభావ్యత 31.5 శాతమే. "మూడో జట్టు అతణ్ణి తీసుకుంటుంది" అని రాసిన విశ్లేషకుడు మూడింట రెండుసార్లు తప్పుతాడు. అయినా మూడు జట్లలో ఒకదాన్నే చెప్పమంటే అతను చెప్పగలిగిన మంచి జవాబు అదే.

ఇప్పుడు ఒక్క మార్పు చేద్దాం. డ్రాఫ్ట్‌కు ముందు రోజు, 'క' ఆడే స్థానానికే రెండో జట్టు మరో జట్టు నుంచి ఆటగాణ్ణి తెచ్చుకుంది. వారికి ఇక 'క'తో అవసరం లేదు. అప్పుడు 0.3 కాస్తా సున్నా అవుతుంది. మూడో స్థానంలో వెళ్లే సంభావ్యత 0.9 × 1 × 0.5 = 0.45. రాత్రికి రాత్రి 'క' ఆటలో ఏ మార్పూ లేదు. అతని ఎత్తు పెరగలేదు, గురి తప్పలేదు. కానీ అంచనా 31.5 నుంచి 45 శాతానికి మారింది. ఈ పాఠంలో అసలు విషయం ఇదే: మనం అంచనా వేస్తున్నది ఆటగాణ్ణి కాదు, ఎంచుకునేవారిని.

5. అవసరం ముందా, ప్రతిభ ముందా?

1984లో హ్యూస్టన్ మొదటి వంతులో హకీమ్ ఒలాజువాన్‌ను తీసుకుంది. రెండో వంతు పోర్ట్‌లాండ్‌ది. వారి దగ్గర క్లైడ్ డ్రెక్స్‌లర్ అప్పటికే ఉన్నాడు. కావలసింది సెంటర్ స్థానంలో ఆడే పొడవాటి ఆటగాడు. శామ్ బౌవీని తీసుకున్నారు. మూడో వంతులో షికాగోకు దక్కినవాడు మైకేల్ జోర్డాన్.

మన దగ్గరా ఇలాంటిదే జరిగింది. ఐపీఎల్ అంటే వేలమే అనుకుంటాం గానీ, 2008లో అండర్-19 కుర్రాళ్లను డ్రాఫ్ట్ పద్ధతిలోనే పంచారు. ఢిల్లీ జట్టు తమ ఊరివాడైన విరాట్ కోహ్లీని వదిలి, ఎడమచేతి వేగం బౌలర్ ప్రదీప్ సంగ్వాన్‌ను తీసుకుంది. సెహ్వాగ్, గంభీర్ ఉన్న జట్టుకు బౌలరే అవసరమనిపించాడు. కోహ్లీ బెంగళూరుకు వెళ్లాడు. తరవాతి చరిత్ర చూసి ఢిల్లీని నవ్వడం తేలిక. అయితే అంచనా వేసేవాడి పని 'ఎవరు గొప్పవాడవుతాడు' అన్నది కాదు, 'ఈ రోజు వీరు ఎవరిని తీసుకుంటారు' అన్నది. ఖాళీలు చూసి లెక్క వేసినవాడు ఆ రోజు సరిగ్గానే చెప్పి ఉండేవాడు.

6. వేలంలో అంచనా: సన్‌రైజర్స్ హైదరాబాద్

వేలంలో వరుస బదులు ఖజానా ముఖ్యం. 2025 సీజన్ కోసం 2024 నవంబర్ 24, 25 తేదీల్లో జెడ్డాలో పెద్ద వేలం జరిగింది. ఒక్కో జట్టుకు 120 కోట్లు. హైదరాబాద్ జట్టు ముందే ఐదుగురిని అట్టిపెట్టుకుంది: క్లాసెన్ 23, కమిన్స్ 18, అభిషేక్ శర్మ 14, హెడ్ 14, నితీశ్ కుమార్ రెడ్డి 6 కోట్లు. మొత్తం 75. చేతిలో మిగిలింది 45 కోట్లు. జట్టులో కనీసం 18 మంది ఉండాలి గనక ఆ డబ్బుతో ఇంకా 13 మందిని కొనాలి. ఉన్న ఐదుగురిలో ముగ్గురు విదేశీయులు, వేగం బౌలర్ కమిన్స్ ఒక్కడే. ఇంత తెలిస్తే 'భారతీయ వేగం బౌలర్ల మీద ఖర్చు పెడతారు' అని వేలానికి ముందే చెప్పవచ్చు. షమీని 10 కోట్లకు, హర్షల్ పటేల్‌ను 8 కోట్లకు కొన్నారు. పేరు చెప్పడం కష్టం, రకం చెప్పడం సులువు.

ధర చెప్పడం మరీ కష్టం. అదే వేలంలో రిషభ్ పంత్ పాట లక్నో దగ్గర 20.75 కోట్లకు ఆగింది. పాత జట్టు ఢిల్లీ తన హక్కు కార్డు చూపించింది. నిబంధన ప్రకారం లక్నోకు చివరిసారి ధర పెంచే అవకాశం వచ్చింది. ఒక్కసారిగా 27 కోట్లు అన్నారు, ఢిల్లీ తప్పుకుంది. ఇలాంటి దూకుడును ముందుగా చెప్పే సూత్రం నాకు తెలిసి లేదు.

నితీశ్ సంగతి చూడండి. విశాఖ కుర్రాడు. 2017-18 విజయ్ మర్చంట్ ట్రోఫీలో 1237 పరుగులు చేశాడు, అందులో నాగాలాండ్ మీద 441 ఒక్క ఇన్నింగ్స్‌లోవే. అయినా 2023 సీజన్‌కు హైదరాబాద్ అతణ్ణి కనీస ధర 20 లక్షలకే తీసుకుంది. రెండేళ్లు తిరగకుండానే అది 6 కోట్లయింది. 2024 సీజన్‌లో 303 పరుగులు చేయడం ఒక కారణం. వేగంగా బౌలింగ్ చేస్తూ బ్యాటింగ్ కూడా చేయగల భారతీయులు అరుదు కావడం రెండో కారణం.

మరో విశాఖ ఆటగాడు కె.ఎస్. భరత్. రంజీ ట్రోఫీలో ట్రిపుల్ సెంచరీ చేసిన తొలి వికెట్‌కీపర్. భారత్ తరఫున 7 టెస్టులు ఆడాడు. 2022 వేలంలో 2 కోట్లు పలికినవాడు 2024 నాటికి 50 లక్షలకు చేరాడు. జెడ్డాలో ఎవరూ కొనలేదు. పది జట్లున్నాయి, ఒక్కో జట్టులో గ్లౌజులు తొడుక్కునేది ఒక్కడే. ఆ పది చోట్లూ దంచికొట్టే కీపర్లతో నిండితే, ఓపికగా ఆడే కీపర్‌కు తలుపు మూసుకుపోతుంది. ఇది ఖాళీల లెక్క. అతని చేతుల నైపుణ్యం మీద తీర్పు కాదు.

కబడ్డీ నుంచి ఒక హెచ్చరిక. రైడర్ పవన్ సెహ్రావత్‌ను తమిళ్ తలైవాస్ 2022లో 2.26 కోట్లకు కొంది. మొదటి మ్యాచ్‌లోనే మోకాలికి దెబ్బ తగిలి ఆ సీజన్ అంతా కూర్చున్నాడు. ధర పడిపోతుందనుకోవడం సహజం. 2023లో తెలుగు టైటాన్స్ అతనికి 2.605 కోట్లు పెట్టింది. గాయం గురించి వేసిన అంచనా, రైడర్ కోసం ఆత్రపడుతున్న జట్టు అవసరం ముందు నిలవలేదు. ఆ సీజన్‌లో టైటాన్స్ చిట్టచివరి స్థానంలో మిగిలింది. అది వేరే పాఠం.

7. అంచనాకు మార్కులు వేయడం

'కరెక్టా, తప్పా' అని మాత్రమే చూస్తే అంచనా నాణ్యత తెలియదు. వాతావరణ శాస్త్రవేత్త బ్రయర్ 1950లో సూచించిన కొలత వాడదాం. సంఘటన జరిగితే 1, జరగకపోతే 0 అనుకొని, మనం చెప్పిన సంభావ్యతకూ దానికీ ఉన్న తేడాను వర్గం చేయాలి. తక్కువ వస్తే మేలు.

'క' మూడో స్థానంలో వెళతాడని ఒకరు 0.315, మరొకరు 0.9 అన్నారు. అతను అక్కడ వెళ్లలేదు. మొదటివారి దోషం సుమారు 0.10, రెండోవారిది 0.81. వెళ్లి ఉంటే మొదటివారిది 0.47, రెండోవారిది 0.01. నిజమైన సంభావ్యత 0.315 అయితే సగటున మొదటివారి దోషం 0.22, రెండోవారిది 0.56. టీవీల్లో గొంతు పెంచి చెప్పేవారు సాధారణంగా రెండో రకం. ఒక్కసారి నిజమైతే ఏడాదంతా చెప్పుకుంటారు.

8. అభ్యాసం

(అ) నాలుగో విభాగంలోని లెక్కలో, 'క' మిగిలి ఉంటే నాలుగో జట్టు తీసుకునే సంభావ్యత 0.6 అనుకోండి. అతను నాలుగో స్థానంలో వెళ్లే సంభావ్యత ఎంత? రెండో జట్టుకు అతనితో అవసరం తీరిపోతే అదెంత అవుతుంది? (జవాబులు: 0.189, 0.27)

(ఆ) తదుపరి ఐపీఎల్ లేదా కబడ్డీ వేలానికి ముందు ఒక జట్టును ఎన్నుకోండి. మిగిలిన డబ్బు, ఖాళీలు రాసుకొని, ఐదుగురు ఆటగాళ్లకు ఆ జట్టు కొనే సంభావ్యతను అంకెల్లో వేయండి. ఆ కాగితం మీద తేదీ వేసి, వేలం ముగిశాక బ్రయర్ దోషం లెక్కించండి. సంపర్క తరగతికి వచ్చేటప్పుడు ఆ కాగితం తీసుకురండి.