వారధి

సాయంవేళ పద్మనాభం కొండ పాదాన బాలురు బంతి ఆడుతుంటే కాసేపు నిలిచి చూడాలి. ప్రతి బాలుని దృష్టీ గోలు మీదనే ఉంటుంది. బంతి ఎటు పోతే అందరూ అటే పరుగెత్తుతారు. గోలు చేసినవానిని భుజాలపైకి ఎత్తుకుంటారు. అతనికి బంతి అందించినవాని పేరు ఎవరికీ స్ఫురించదు. ఆ అందించేవాని స్థానానికే హాఫ్ బ్యాక్ అని పేరు.

పూర్వపు ఫుట్‌బాల్ పద్ధతిలో గోల్‌కీపర్ ముందు ఇద్దరు బ్యాకులు, వారి ముందు ముగ్గురు హాఫ్ బ్యాకులు, ఆపైన ఐదుగురు ఫార్వర్డులు నిలిచేవారు. రక్షణకూ దాడికీ నడుమ వారధి హాఫ్ బ్యాక్. పదముగ్గురు ఆడే రగ్బీ లీగ్‌లోనూ ఈ స్థానం ఉంది. ఆరు పర్యాయాలు పట్టుబడేలోగా బంతిని చేతితో వెనుకకు అందించాలా, కాలితో ముందుకు తన్నాలా అన్న నిర్ణయం ఎక్కువగా అతనిదే. ఆట ఏదైనా హాఫ్ బ్యాక్‌కు కావలసిన మొదటి గుణం వివేచన. బంతి తన వద్దకు రాకముందే తలెత్తి నాలుగు దిక్కులూ చూసి, ఎవరు ఖాళీగా ఉన్నారో గ్రహించినవాడే ఆ స్థానానికి తగినవాడు.

ఈ గుణం అభ్యాసం వల్ల అలవడుతుందని నిరూపించిన తెలుగునేల శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీమ్. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడైన ఆయన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టును తీర్చిదిద్దాడు. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన యువకులకు విచిత్రమైన పోటీలు పెట్టేవాడు. ఒక పోటీలో బంతిని కాళ్ళ వద్ద ఉంచుకొని పరుగెత్తరాదు; వెంటనే సహచరునికి అందించాలి. మరొక పోటీలో అలవాటు లేని కాలితోనే ఆడాలి. మొదటిది చూపును పదును పెట్టింది. రెండవది ఎటు తిరిగినా బంతిని అందించగల నేర్పును ఇచ్చింది.

1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో ఆయన శిక్షణలోని భారత జట్టు యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో ఓడిపోయింది. హైదరాబాద్‌కు చెందిన హాఫ్ బ్యాక్ నూర్ మహమ్మద్ ఆనాటి జట్టు సభ్యుడు. నాలుగేళ్ళ తరువాత 1956లో మెల్‌బోర్న్‌లో భారతదేశానికి నాల్గవ స్థానం దక్కినప్పుడు కూడా అతడు జట్టులో ఉన్నాడు. ఒక్క పరాభవంతోనే ఆటగాళ్ళను పక్కకు నెట్టే తొందరపాటుకు లోనైతే ఆ ఫలం దక్కేదా?

యువ హాఫ్ బ్యాకులను పెంచదలచిన ప్రతి క్లబ్బుకూ ఇది పాఠం. నిర్ణయం తీసుకొనే స్థానంలో నిలిచినవాడు పొరపడక తప్పదు. పొరపాటు జరిగిన ప్రతిసారీ గట్టుమీద నుండి కేకలు వేస్తే ఆ బాలుడు భయపడి, బంతి అందగానే దానిని ఎటో తన్ని బరువు దించుకుంటాడు. ఇక ఆలోచించడం మానివేస్తాడు. వివేకి అయిన శిక్షకుడు అతనిని ఆట ముగిసేదాకా ఆడనిస్తాడు. ఆ తరువాత చెంతకు పిలిచి, "అప్పుడు నీకు ఏమి కనిపించింది?" అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు జవాబు వెదకడంలోనే కుర్రవాడు ఆటను నేర్చుకుంటాడు.

గోలు చేసినవాని కీర్తి ఆనాటిది. దానికి దారి చూపినవాని విద్య జట్టుకు చిరకాలం నిలిచే సంపద.