అట్టపెట్టె – నీరు – బొగ్గు

అమ్వాజ్‌లో నివసించే తెలుగు కుటుంబాలకు అట్టపెట్టెతో ఉన్న అనుబంధం చిన్నది కాదు. ఉద్యోగరీత్యా ఇక్కడికి చేరిన తొలినాడు సామాను దిగేది అట్టపెట్టెలలోనే. సెలవులకు స్వదేశం వెళ్ళేటప్పుడు తాడు బిగించి, పేరు పెద్ద అక్షరాలతో వ్రాసి విమానానికి అప్పగించేదీ, తిరుగు ప్రయాణంలో ఆవకాయను, కందిపొడిని, పూతరేకులను మోసుకువచ్చేదీ అదే. ముహర్రఖ్‌కు ఈశాన్యంగా సముద్రాన్ని పూడ్చి నిర్మించిన ఈ ద్వీపాల పేరుకు అరబ్బీలో ‘అలలు’ అని అర్థం. అట్టను చీల్చి అంచును పరిశీలిస్తే అక్కడా అలలే కనిపిస్తాయి. రెండు చదునైన కాగితాల నడుమ అలలుగా మడతపడిన మూడవ కాగితం ఉంటుంది. తేలికైన పెట్టెకు అంత బలాన్నిచ్చేది ఈ అమరికే. సరకుల ప్యాకింగుకు ఇటువంటి కాగితాన్ని వాడే పద్ధతికి అమెరికాలో ఆల్బర్ట్ జోన్స్ 1871లో పేటెంటు పొందాడు. ఆనాడు అతని ఉద్దేశం సీసాలు పగలకుండా చూడటమే.

మనం వాడే ‘కాగితం’ అనే మాట పారశీకం నుండి వచ్చినదే. నేటి అరబ్బీలో కాగితాన్ని ‘వరఖ్’ అంటారు. ఆ మాటకు ఆకులు అనే అర్థమూ ఉంది. మన ‘పత్రం’ కూడా ఆకే కదా! తాళపత్రాలపై వ్రాసిన జాతికి ఈ పోలిక వింతగా తోచదు.

ఇక అసలు విషయానికి వద్దాం. 2021లో ప్రపంచవ్యాప్తంగా గుజ్జు, కాగితం పరిశ్రమ వెలువరించిన బొగ్గుపులుసు వాయువు సుమారు 19 కోట్ల టన్నులని అంచనా. పరిశ్రమలన్నింటి ఉద్గారాలలో ఇది రమారమి రెండు శాతం. కాగితం వలన కలిగే హాని అనగానే మనకు నరికిన చెట్టు గుర్తుకు వస్తుంది. అది నిజమే కాని, సగం నిజం. కాగితపు మిల్లులో బొగ్గు ఎక్కువగా ఖర్చయ్యేది చెట్టుతో పోరాడటానికి కాదు, నీటితో పోరాడటానికి.

కలపలో ముఖ్యంగా సెల్యులోజ్ నారపోగులు, వాటిని అంటిపెట్టి ఉంచే లిగ్నిన్ అనే బంక పదార్థం ఉంటాయి. జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు కార్ల్ డాల్ 1879లో కనుగొన్న క్రాఫ్ట్ పద్ధతిలో కలప ముక్కలను కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడ్ ద్రావణంలో ఉడికిస్తారు. లిగ్నిన్ కరిగిపోయి నార మిగులుతుంది. ఎండుకలప బరువులో గుజ్జుగా దక్కేది ఇంచుమించు సగమే. మిగిలిన సగం నల్లద్రావకంలో చేరుతుంది. ఒకప్పుడు దీనిని నదులలోకి వదిలిన మిల్లులు లేకపోలేదు. 1930ల ఆరంభంలో కెనడాకు చెందిన టామ్లిన్సన్ రూపొందించిన రికవరీ బాయిలర్ వలన ఆ వ్యర్థమే ఇంధనమైనది. నల్లద్రావకాన్ని చిక్కబరచి మండిస్తే లిగ్నిన్ వేడినిస్తుంది. వంట రసాయనాలు అడుగున తిరిగి దక్కుతాయి. అంటే కలప తనను తానే ఉడికించుకుంటుంది! ఫిన్లాండులోని ఆనెకోస్కిలో 2017లో ప్రారంభమైన గుజ్జు మిల్లు శిలాజ ఇంధనం లేకుండానే నడుస్తూ, తన అవసరానికి మించిన విద్యుత్తును బయటకు అమ్ముతున్నది.

కలప మంటలోనూ బొగ్గుపులుసు వాయువు వస్తుంది కదా అని పాఠకులకు సందేహం కలుగవచ్చు. వస్తుంది. నరికిన చోట తిరిగి చెట్టు పెరిగి ఆ వాయువును పీల్చుకుంటేనే లెక్క సరిపోతుంది. పెరగకపోతే అది అప్పుగానే మిగులుతుంది.

గుజ్జు నుండి కాగితం తయారుచేసే దశలో కథ మారుతుంది. యంత్రంపైకి పారే గుజ్జులో నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు నీరే. అధికభాగం జల్లెడ గుండా కారిపోతుంది. కొంత రోలర్ల నడుమ పిండబడుతుంది. మిగిలినది ఆవిరితో కాగే సిలిండర్లపై ఇగురుతుంది. ఈ చివరి మెట్టే ఖరీదైనది. కిలో నీటిని సున్నా డిగ్రీల నుండి మరిగే స్థితికి తేవడానికి కావలసిన వేడికి, ఆ మరిగిన నీటిని పూర్తిగా ఆవిరి చేయడానికి అయిదు రెట్లకు పైగా వేడి కావాలి. చాకలి పంచెను గట్టిగా పిండి మరీ తీగపై ఆరవేస్తాడు. మిల్లులోనూ అదే కిటుకు. పిండిన కాగితంలో 45 పాళ్ళు నార, 55 పాళ్ళు నీరు ఉన్నదనుకుందాం. కిలో నారకు రమారమి 1,220 గ్రాముల నీరు అన్నమాట. మరికొంత పిండి సగం సగం చేయగలిగితే అది 1,000 గ్రాములకు తగ్గుతుంది. పూర్తయిన కాగితంలో సహజంగా ఉండే కొద్దిపాటి తేమను మినహాయిస్తే, ఆరబెట్టే ఆవిరిలో అయిదవ వంతుకు కొంచెం తక్కువ మిగిలినట్లే. 1980 దశకం ఆరంభంలో వచ్చిన ‘షూ ప్రెస్’ యంత్రం, రోలరుకు బదులు వెడల్పైన పాదం వంటి పలకతో ఎక్కువసేపు నొక్కి, ఈ పనినే సాధించింది. చూడటానికి సాధారణమైన ఈ మార్పు ఎన్నో ఆర్భాటపు ప్రకటనల కంటే మేలైనదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. పాత అట్టను నానబెట్టి గుజ్జు చేయడానికి కలపను ఉడికించేంత శ్రమ అక్కరలేదు. మొత్తం మీద శక్తి ఆదా అవుతుంది. కాని పాత అట్టలో నల్లద్రావకం ఉండదు. ఆరబెట్టే ఆవిరికి కావలసిన ఇంధనాన్నంతా బయట నుండే కొనాలి. అది బొగ్గయినా, సహజవాయువైనా శిలాజ ఇంధనమే. ‘రీసైకిల్డ్’ ముద్ర చూసి తృప్తిపడేవారు ఈ సంగతి గమనించాలి. అట్లని పాత అట్టను పారవేయడం పరిష్కారం కాదు. గాలి తగలని చెత్తగుట్టలో కుళ్ళిన కాగితం మీథేన్‌ను పుట్టిస్తుంది. నూరేళ్ళ లెక్కలో అది బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. కనుక పాత అట్టను మిల్లుకు చేర్చాలి. ఆ మిల్లు బాయిలరునూ మార్చాలి.

మన గోదావరి తీరాన ఈ సమస్య మరింత స్పష్టంగా కనిపిస్తుంది. రాజమహేంద్రవరం మిల్లుకు 1924లో కర్ణాటిక్ పేపర్ మిల్స్ పేరుతో పునాది పడింది. నిజాం కాలంలో స్థాపితమైన సిర్పూర్ మిల్లు 1942లో ఉత్పత్తి ప్రారంభించి, కాగజ్‌నగర్ పట్టణానికి తన సరకు పేరునే ఇచ్చింది. భద్రాచలం ఎదుట సారపాకలోని మిల్లు 1979లో పనిలోకి వచ్చింది. తెలంగాణలోని ఈ రెండు మిల్లులకూ సింగరేణి బొగ్గు చేరువ. చేతికందే బొగ్గును వదులుకోవడం ఎవరికీ సులభం కాదు. అడవి వెదురుపై ఆధారపడిన మిల్లులు, 1988 జాతీయ అటవీ విధానం తరువాత రైతుల పొలాలవైపు మళ్ళాయి. జామాయిల్, సుబాబుల్, సరుగుడు తోటలు నాలుగైదేళ్ళలో కోతకు వస్తాయి. మొదటి రెండూ మొద్దు నుండి మళ్ళీ పిలకలు వేస్తాయి. పైన చెప్పిన అప్పు తీరేది ఈ తోటలలోనే. అయితే గిట్టుబాటు ధర లేకపోతే రైతు తోటను పెకలించివేస్తాడు. అప్పుడు కర్బనపు లెక్క కూడా తప్పుతుంది.

సిర్పూర్ మిల్లు 2014లో మూతపడి 2018లో తిరిగి తెరుచుకున్నది. ఆ నాలుగేళ్ళూ పొగగొట్టం చల్లగానే ఉంది. కాని దేశంలో ఎవరూ పుస్తకాలు, పెట్టెలు వాడటం మానలేదు. ఆ కాగితం మరెక్కడో తయారైనది. కార్మిక కుటుంబాలు మాత్రం వీధిన పడ్డాయి. మిల్లును మూయడం వేరు, మిల్లులో బొగ్గును తగ్గించడం వేరు. భారత ప్రభుత్వం 2025 అక్టోబరులో ఉద్గార తీవ్రత లక్ష్యాలు నిర్ణయించిన తొలి నాలుగు రంగాలలో గుజ్జు, కాగితం ఒకటి. టన్ను సరకుకు ఎంత ఉద్గారమని కొలిచే పద్ధతి ఇది. లక్ష్యాన్ని మించి తగ్గించినవారు ఆ మిగులును అమ్ముకోవచ్చు.

బహ్రెయిన్ 2060 నాటికి నికర శూన్య ఉద్గారాలు సాధిస్తామని 2021లో ప్రకటించింది. అడవులు లేని ఈ దేశంలో కలప గుజ్జు తయారీకి తావు లేదు; పెట్టెలోని నార ఎక్కడో పెరిగిన చెట్టుదే. మన చేతిలో ఉన్నది ఆ నారను మరొకమారు వాడుకలోకి పంపడమే. కాగితానికి బలం నారపోగులు ఒకదానినొకటి అంటుకోవడం వలన వస్తుంది. నూనె తగిలిన పోగులు సరిగా అంటుకోవు. తడిసి బూజుపట్టినవీ పనికిరావు. అందుచేత ఊరి నుండి వచ్చిన పెట్టెను విప్పి, చదును చేసి, పొడిగా ఉంచి అట్టల సేకరణకు ఇవ్వాలి. ఆవకాయ నూనె ఇంకిన అడుగుభాగాన్ని మాత్రం ముందే కత్తిరించి వేరుచేయాలి.