రూమ్మేట్‌కు టీబీ.. మీ రక్తపరీక్ష ‘పాజిటివ్’ అంటే మీకూ వచ్చినట్టేనా?

తార్నాకలో షేరింగ్ రూమ్ అనుకోండి, లేదా ఓయూ క్యాంపస్‌లో హాస్టల్ గది. రూమ్మేట్‌కు టీబీ అని తేలింది. భయంతో మీరూ ల్యాబ్‌కు వెళ్లి ‘ఇగ్రా’ రక్తపరీక్ష చేయించుకున్నారు. పాజిటివ్ వచ్చింది. సెమిస్టర్ వదిలేసి ఊరికి వెళ్లిపోవాలా? తొందరపడకండి.

ఆ రిపోర్టు చెప్పేది ఒక్కటే: మీ రక్షణ కణాలకు టీబీ క్రిమి ఇదివరకే పరిచయం. అది ఇప్పుడు నిద్రపోతోందా, ఊపిరితిత్తులను తినేస్తోందా అన్నది చెప్పదు. చేతికి సూదితో చేసే మాంటూ పరీక్షా అంతే. పైగా బీసీజీ టీకా ప్రభావంతోనూ చర్మం ఉబ్బొచ్చు. ప్రపంచంలో దాదాపు నాలుగో వంతు మందికి ఈ క్రిమి సోకిందని డబ్ల్యూహెచ్‌ఓ అంచనా. వారిలో ఎప్పటికైనా జబ్బుపడేది 5 నుంచి 10 శాతమే. మిగతావారిది లేటెంట్ టీబీ. దగ్గు ఉండదు, పక్కవారికి అంటదు.

తేడా పట్టుకోకపోతే మాత్రం చిక్కే. యాక్టివ్ టీబీని లేటెంట్ అనుకుని ఐసోనియజిడ్ ఒక్కటే ఇస్తే, క్రిమి ఆ మందుకు లొంగకుండా తయారవుతుంది. లేటెంట్‌ను యాక్టివ్ అనుకుంటే, అవసరం లేని మనిషి ఆరు నెలల కోర్సు మింగాలి. ఆ భారం కాలేయంపై పడుతుంది.

జన్యు పరీక్షలపై ఆశ ఇక్కడే. ఇది వంశపారంపర్యం సంగతి కాదు. జబ్బు ముదురుతున్నప్పుడు తెల్ల రక్తకణాల్లో కొన్ని జన్యువులు చురుకవుతాయి, కొన్ని నెమ్మదిస్తాయి. 2016లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు అలాంటివి మూడింటిని ఎంచారు. యాక్టివ్ టీబీలో జీబీపీ5, డీయూఎస్‌పీ3 పెరుగుతాయి, కేఎల్‌ఎఫ్2 తగ్గుతుంది. వేలి నుంచి తీసిన చుక్క రక్తంతో వీటిని కొలిచే కార్ట్రిడ్జ్‌నూ పలు దేశాల్లో పరీక్షించారు. కానీ వైరల్ జ్వరాల్లోనూ ఇలాంటి సంకేతాలు రావొచ్చు. వానాకాలం హైదరాబాద్‌లో ఇది చిన్న సమస్యేం కాదు! మన ఆస్పత్రుల్లో ఇది ఇంకా రోజువారీ పరీక్ష కాలేదు. సీబీనాట్, ట్రూనాట్ కూడా జన్యు పరీక్షలే కదా అంటారా? అవి వెతికేది క్రిమి జన్యువులను, మీవి కాదు.

కాబట్టి ఇగ్రా పాజిటివ్ వస్తే డాక్టర్ ముందు లక్షణాలు అడుగుతారు: రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు. తర్వాత ఛాతీ ఎక్స్‌రే, అవసరమైతే తెమడ పరీక్ష. ప్రభుత్వ కేంద్రాల్లో ఇవి ఉచితం. యాక్టివ్ టీబీ లేదని తేలాకే నివారణ మందుల గురించి ఆలోచిస్తారు. ఏదైనా ల్యాబ్ యాంటీబాడీ రక్తపరీక్షతో టీబీ తేలుస్తామంటే వద్దనండి, వాటిని కేంద్రం 2012లోనే నిషేధించింది.

మెస్‌లో తినకుండా టీ, బిస్కెట్లతో గడిపేవారికి ఇంకో మాట. నిద్రపోతున్న క్రిమిని లేపే కారణాల్లో పోషకాహార లోపం పెద్దది. జార్ఖండ్‌లో రోగుల ఇళ్లకు అదనపు రేషన్ ఇస్తే, కుటుంబసభ్యుల్లో కొత్త టీబీ కేసులు సుమారు 40 శాతం తగ్గాయని 2023లో వెలువడిన అధ్యయనం తేల్చింది. షుగర్, హెచ్‌ఐవీ, సిగరెట్ అలవాటు ఉన్నవారు మరింత జాగ్రత్త పడాలి.

సందేహాలుంటే టీబీ టోల్‌ఫ్రీ నంబర్ 1800-11-6666కు ఫోన్ చేయవచ్చు.