శాంతిరక్షక సేనలు – అప్పగింపఁబడిన పని

గ్రామమున గట్టుతగవు పుట్టినపుడు నడుమ నిలుచుటకు నలుగురు పెద్దలను పిలుతురు. వారిమాట చెల్లవలెనన్నచో ఉభయపక్షములవారును సమ్మతించియుండవలెను. తాము తీర్పవలసినదేమో పెద్దలకును స్పష్టముగా తెలిసియుండవలెను. ఐక్యరాజ్యసమితి పంపు శాంతిరక్షక సేనల స్థితియు నిట్టిదే. సమితికి స్వంతసేన లేదు. భద్రతామండలి ఆజ్ఞాపత్రము వ్రాయును. వేర్వేఱు దేశములు తమ సైనికులను పంపును. నీలివర్ణపు శిరస్త్రాణములు ధరించి వారు ఆ పత్రమునకు లోఁబడి మెలఁగవలెను. వీరు తమ పనిని ఎంతవఱకు నెరవేర్చుచున్నారని యడుగువారికి, ఆఫ్రికాఖండమునందలి రెండు దేశముల వృత్తాంతము చెప్పెదను.

మొదటిది నమీబియా. దక్షిణాఫ్రికా పాలనలోనున్న ఆ దేశమునకు స్వాతంత్ర్యము కలుగు పద్ధతిని మండలి 1978లోనే నిర్ణయించినను, అది పదునొకండేండ్లు కాగితముమీఁదనే యుండెను. 1989 ఏప్రిల్ 1వ తేదీన సేన పని ప్రారంభించెను. సేనాధిపతి మన దేశీయుఁడే, లెఫ్టినెంట్ జనరల్ ప్రేంచంద్. ఆ దినముననే ఉత్తరపు సరిహద్దున పోరు చెలరేఁగి, కొలఁది దినములలో వందలమంది మడిసిరి. అయినను ఉభయపక్షములును ఒడంబడికను విడువలేదు. నవంబరులో ఎన్నికలు జరిగెను; ఓటర్లపట్టికలో పేరున్నవారిలో నూటికి 97 మందికి మించి ఓటు వేసిరి. 1990 మార్చి 21న దేశము స్వతంత్రమయ్యెను.

రెండవది రువాండా. ప్రభుత్వమును తిరుగుబాటుదారులును 1993 ఆగస్టులో చేసికొన్న సంధిని కాపాడుటకు, దాదాపు 2,500 మందితో సేన ఏర్పడెను. నాయకుఁడు కెనడా దేశీయుఁడగు రోమియో డలైర్. టుట్సీజాతివారిని చంపుటకు సన్నాహము జరుగుచున్నదనియు, దాఁచిన ఆయుధములను తాను పట్టుకొనఁబోవుచున్నాననియు ఆయన 1994 జనవరి 11న న్యూయార్కునకు తంతి పంపెను. అది మీ అధికారమునకు మించిన పని, వలదని ప్రత్యుత్తరము వచ్చెను. ఏప్రిల్ 6న ఆ దేశాధ్యక్షుని విమానము కూల్పఁబడెను. మఱునాఁడు ప్రధానమంత్రిణియు, ఆమెకు కావలిగా పంపఁబడిన పదిమంది బెల్జియం సైనికులును హతులైరి. బెల్జియం తనవారిని మరలించుకొనెను. ఏప్రిల్ 21న మండలి చేసిన తీర్మానమేమి? సేనను పెంచుట కాదు, 270 మందికి తగ్గించుట! దాదాపు నూఱు దినములలో ఇంచుమించు 8,00,000 మంది సంహరింపఁబడిరి.

నేను ముప్పదియైదేండ్లు పిల్లల పరీక్షాపత్రములు దిద్దినవాఁడను. ప్రశ్నలోనే తప్పుండఁగా విద్యార్థికి సున్న వేయుట న్యాయము కాదని ఒకసారి ఆలస్యముగా గ్రహించి సిగ్గుపడితిని. రువాండా సేనకు మార్కులు వేయుటయు నట్టిదే. అయినను దోషమంతయు ఆజ్ఞాపత్రముమీఁద త్రోయరాదు. ఏప్రిల్ 11న కిగాలీ నగరమున ఒక పాఠశాలలో తమ్ము నమ్మి తలదాఁచుకొన్న రమారమి రెండువేలమందిని విడిచి బెల్జియం సైనికులు వెడలిపోయిరి. వెంటనే వారిలో అత్యధికులు చంపఁబడిరి. అదే నగరమున, అదే ఆజ్ఞక్రింద, వెళ్లక నిలిచిన ఘనాదేశపు సైనికులు మొదలగువారు క్రీడారంగమున వేలమందికి ప్రాణము నిలిపిరి. ఈ రెండింటిని ఒకే తక్కెడలో తూఁచువాఁడు పొరపడును.

మే 17న మండలి మనసు మార్చుకొని 5,500 మందిని పంపుటకు అనుమతించెను. జూలైలో సంహారము ముగియునప్పటికి వారిలో అత్యధికులు ఇంకను చేరలేదు. స్వీడనుదేశపు మాజీ ప్రధానమంత్రి ఇంగ్వార్ కార్ల్‌సన్ అధ్యక్షతను 1999లో జరిగిన విచారణ, సాధనములును సంకల్పమును రెండును కొఱవడెనని తేల్చెను. ఆ యేఁటనే సియెర్రాలియోన్‌కు పంపఁబడిన సేనయొక్క ఆజ్ఞాపత్రమున సామాన్యజనుల రక్షణము మొదటిసారిగా స్పష్టముగా వ్రాయఁబడెను. శక్తి యున్నంత మేరకు అను మాటను అందు చేర్చుట మాత్రము మండలివారు మఱువలేదు.