సంరక్షణ కేంద్రంలో చేర్పించగానే బాధ్యత తీరిపోతుందా?

అమ్మనో నాన్ననో వృద్ధుల సంరక్షణ కేంద్రంలో ఉంచామని మన కుటుంబాల్లో బిగ్గరగా చెప్పుకునేవారు చాలా తక్కువ. పెళ్ళికి వచ్చిన బంధువులు "అమ్మీ కనిపించదేం?" అని అడిగితే "చెల్లెలింటికి వెళ్ళింది" అని మాట దాటవేస్తాం. నలుగురూ ఏమనుకుంటారోనన్న బిడియం మనది. దీనివల్ల ఎవరికీ నష్టం లేదని కూడా అనుకుంటాం. కానీ నష్టం ఉంది. దాచిపెట్టిన చోటికి మనం తరచూ వెళ్ళం. వెళ్ళినా ఒంటరిగా వెళ్ళి పది నిమిషాల్లో తిరిగొస్తాం. లోపం కళ్ళబడినా గట్టిగా అడగడానికి నోరు రాదు. వచ్చేవారు, అడిగేవారు లేని మంచం దగ్గరే నిర్లక్ష్యం మొదలవుతుంది.

వృద్ధాప్యంలో తల్లిదండ్రుల పట్ల విసుగు కూడా చూపరాదని దివ్య ఖుర్ఆన్ పదిహేడవ అధ్యాయం బోధిస్తోంది. ఈ సంగతి పాఠకులకు మేము కొత్తగా చెప్పనక్కరలేదు. వారిని ఇంట్లోనే ఉంచుకుని సేవ చేయగలిగితే అంతకన్నా కావలసిందేముంది? అయితే పక్షవాతంతో మంచానపడిన తండ్రిని రాత్రింబవళ్ళు ఒత్తిగిలించాలంటే ఒక్క మనిషి చాలడు. మతిమరుపు వ్యాధితో అర్ధరాత్రి తలుపు తీసుకుని వెళ్ళిపోయే తల్లిని, ఉద్యోగాలకు వెళ్ళే కొడుకూ కోడలూ ఎంతకాలం కాపలా కాయగలరు? అలాంటి ఇళ్ళవారు సంరక్షణ కేంద్రం వైపు చూస్తే వారిని నిందించే హక్కు మనకు లేదు. మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. చేర్పించాక కూడా బాధ్యత మనదే. అక్కడ సేవ ఎలా జరుగుతోందో కనిపెట్టి చూడడం ఆ బాధ్యతలో భాగం.

ఏఎస్ రావు నగర్ చెప్పే పాఠం

హైదరాబాదు తూర్పున ఉన్న ఏఎస్ రావు నగర్‌నే తీసుకోండి. 1967లో ఏర్పడిన ఈసీఐఎల్ సంస్థ వ్యవస్థాపకులు డాక్టర్ అయ్యగారి సాంబశివరావు పేరుమీద వెలసిన కాలనీ ఇది. ఉద్యోగులు ఇక్కడ ఇళ్ళు కట్టుకున్నారు, పిల్లలను చదివించారు. ఆ పిల్లల్లో ఎందరో అమెరికాకు, గల్ఫ్‌కు, బెంగుళూరుకు వెళ్ళిపోయారు. ఇళ్ళు కట్టుకున్న తరం వృద్ధాప్యంలోకి వచ్చింది. అందుకే ఇక్కడా, చుట్టుపక్కల కాప్రా, కుషాయిగూడ, నాచారం, ఉప్పల్ ప్రాంతాల్లోనూ వృద్ధుల సంరక్షణ అవసరం పెరిగింది. వెలుపలికి మామూలు ఇంటిలా కనిపించే భవనంలో లోపల సేవ ఎలా ఉందో వీధిలో పోయేవారికి తెలియదు.

తెలియకపోతే ఏం జరుగుతుందో 2020 జనవరిలో చూశాం. ఈ కాలనీకి కొద్ది కిలోమీటర్ల దూరంలోని నాగారంలో ఒక ప్రైవేటు ఆశ్రమం నుంచి 70 మందికి పైగా వృద్ధులను, మానసిక రోగులను పోలీసులు బయటికి తీసుకువచ్చారు. వారిని ఇరుకు గదుల్లో కుక్కారని, గొలుసులతో కట్టారని, కొట్టారని అప్పట్లో ఆరోపణలు వచ్చాయి. వృద్ధుల సేవ చేసే కేంద్రాలన్నీ అలాంటివేనని మేము అనడం లేదు. చిత్తశుద్ధితో పనిచేసేవారూ ఉన్నారు. మంచిదేదో, చెడ్డదేదో బోర్డు చూసి పోల్చుకోలేమన్నదే ఆ సంఘటన నేర్పిన పాఠం.

చట్టం ఎంతవరకు కాపాడుతుంది?

తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. పిల్లలు పోషించకపోతే తల్లిదండ్రులు ట్రైబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. నెలకు 10,000 రూపాయల వరకు భరణం ఇప్పించే అధికారం ట్రైబ్యునల్‌కు ఉంది. చూసుకుంటానన్న షరతుమీద ఆస్తి రాయించుకుని తరువాత ముఖం చాటేస్తే, ఆ దస్తావేజును రద్దు చేయించుకునే వీలు 23వ సెక్షన్ కల్పిస్తోంది. వృద్ధులను వదిలించుకునే ఉద్దేశంతో ఎక్కడో విడిచిపెట్టి పోతే మూడు నెలల జైలు, 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. నిరుపేద వృద్ధుల కోసం జిల్లాకు కనీసం ఒక ఆశ్రమం చొప్పున నెలకొల్పవచ్చని కూడా ఆ చట్టం చెబుతోంది.

ఇక డబ్బు తీసుకుని నడిపే కేంద్రాల సంగతి. వాటికి నమోదు తప్పనిసరి చేసి, కనీస ప్రమాణాలు విధించాలని 2019 డిసెంబరులో లోక్‌సభ ముందుకు ఒక సవరణ బిల్లు వచ్చింది. అది చట్టం కాకుండానే 2024లో ఆ లోక్‌సభ గడువుతోపాటు మురిగిపోయింది.

ఇతర దేశాల్లో ఏం చేస్తున్నారు? బ్రిటన్‌లోని ఇంగ్లండులో ప్రభుత్వ తనిఖీ సంస్థ ఒకటి 2009 నుంచి పనిచేస్తోంది. ముందుగా కబురు పెట్టకుండా కూడా వెళ్ళి చూసి, 'అత్యుత్తమం' నుంచి 'అధ్వాన్నం' దాకా నాలుగు తరగతుల్లో ఏదో ఒకటి ప్రకటిస్తుంది. అమెరికాలో 2008 నుంచి నర్సింగ్ హోములకు ఒకటి నుంచి ఐదు వరకు నక్షత్రాలు ఇస్తున్నారు. తనిఖీ ఫలితాలు, సిబ్బంది సంఖ్య, రోగుల ఆరోగ్యస్థితి అనే మూడింటిని బట్టి వాటిని లెక్కిస్తారు. అక్కడ కూడా మొదట్లో సిబ్బంది లెక్కలను హోములవారు చెప్పినట్టే నమ్మేవారు. 2018 నుంచి జీతాల పట్టీలను ఆధారం చేసుకున్నారు. ఇందులో మనకూ ఒక నీతి ఉంది. యజమాని నోటిమాటకన్నా రిజిస్టరును నమ్మాలి. చెప్పి వెళ్ళడంకన్నా చెప్పకుండా వెళ్ళడం మేలు.

మంచం దగ్గర ఏం చూడాలి?

పాలరాతి గచ్చు, రంగురంగుల కరపత్రం, స్వాగత గదిలోని సోఫాలు సేవకు కొలబద్దలు కావు. నేరుగా మంచం దగ్గరికి నడవండి.

మొదట చూడవలసింది వీపు, పిరుదులు, తుంటి, మడమలు. కదలలేని మనిషిని సాధారణంగా రెండు గంటలకోసారి ఒత్తిగిలించాలి. లేకపోతే ఎముక ఒత్తుకునే చోట చర్మం చచ్చిపోయి పుండు పడుతుంది. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్ళీ ఎరుపెక్కాలి. నొక్కినా ఎరుపు తగ్గకపోతే అది పుండుకు తొలి గుర్తు. చామనఛాయ ఒంటిపై ఎరుపు సరిగా కనబడదు కనుక చోటు గట్టిపడిందా, వేడిగా ఉందా తడిమి చూడాలి. ఒత్తిగిలించిన వేళలు రాసే కాగితం ఉందేమో అడగండి.

రెండవది తిండి, నీరు. నెలనెలా బరువు తూచి రాస్తున్నారా? పెదవులు, నాలుక ఎండిపోయాయా? నీళ్ళగ్లాసు చేతికి అందేచోట ఉందా, గోడవారగా బల్లమీద ఉందా? మింగడం కష్టమైనవారిని కూర్చోబెట్టి నెమ్మదిగా తినిపించాలి. తిన్నాక కనీసం అరగంట కూర్చోబెట్టే ఉంచాలి. హడావిడిగా పడుకోబెట్టి తినిపిస్తే మెతుకులు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. అందుచేత భోజనాల వేళకే వెళ్ళండి. ఒక్క ఆయా ఎంతమందికి తినిపిస్తోందో మీరే లెక్కపెట్టండి.

మూడవది మందులు. ఏ మందు, ఎన్ని గంటలకు, ఎవరు ఇచ్చారో సంతకంతో రాసే పుస్తకం ఉండాలి. ఇన్సులిన్ ఇచ్చి అన్నం ఆలస్యం చేస్తే చక్కెర పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. మునుపు చక్కగా మాట్లాడే మనిషి పగలంతా మత్తుగా పడి ఉంటే నిద్రమాత్రలేమైనా మొదలుపెట్టారేమో ఆరా తీయండి. పనివారి సౌకర్యం కోసం మనిషికి మత్తు ఇవ్వడం, మంచానికి కట్టేయడం సేవ అనిపించుకోవు.

నాలుగవది రాత్రివేళ. పగలు పదిమంది తిరిగే చోట రాత్రి ఒక్కరే ఉండవచ్చు. పడిపోవడం, ఆయాసం రావడం వంటి ఆపదలకు వేళాపాళా లేదు. రాత్రి డ్యూటీలో అర్హతగల నర్సు ఉందా? డాక్టరు ఎన్నాళ్ళకోసారి వస్తారు? అర్ధరాత్రి ఏ ఆసుపత్రికి, ఏ బండిలో తీసుకువెళతారు? మంచం దగ్గర బెల్లు నొక్కి, మనిషి రావడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో గడియారం చూడండి.

ఐదవది గౌరవం. బట్టలు మార్చేటప్పుడు తెర వేస్తున్నారా? గోళ్ళు తీశారా? పేరుపెట్టి, వావి పెట్టి పలకరిస్తున్నారా, లేక "మూడో నెంబరు బెడ్డు" అంటున్నారా? మీ అమ్మనే కాక పక్క మంచాల వారినీ పలకరించండి. మీరు కట్టే డబ్బుకు మీ అమ్మకు దుప్పటి మార్చి ఉండవచ్చు. ఎవరూ రాని పక్క మంచం చూస్తే ఆ కేంద్రం అసలు స్వభావం తెలుస్తుంది.

మన కుటుంబాలు అడగవలసినవి

ఇవన్నీ అన్ని మతాల వారికీ వర్తించేవే. మనవారి విషయంలో మరికొన్ని ఉన్నాయి. స్త్రీలకు స్నానం, శుభ్రత చేయించడానికి ఆడ ఆయా పగలూ రాత్రీ దొరుకుతుందా? మాంసం వండితే అది హలాల్‌దేనా? లేకపోతే శాకాహారం విడిగా పెడతారా? డైపరు సమయానికి మారుస్తున్నారా? ఐదుపూటలా నమాజు చేసే మనిషికి ఒంటి శుభ్రత మనశ్శాంతితో ముడిపడిన విషయం. వజూకు నీళ్ళు ఇచ్చే ఓపిక, తయమ్ముమ్‌కు తగిన ఏర్పాటు, మంచాన్ని ఖిబ్లా వైపు తిప్పే వెసులుబాటు ఉన్నాయా? చేర్పించే రోజునే వీటిని కాగితం మీద రాసి ఇవ్వండి. మన అలవాట్లు తెలియని సిబ్బందికి చెప్పకుండానే తెలిసిపోవాలనుకోవడం న్యాయం కాదు.

రమజాన్‌లో మరో చిక్కు వస్తుంది. మధుమేహం ఉన్న పెద్దలు ఉపవాసం ఉంటామని పట్టుబడతారు. వ్యాధిగ్రస్తులకు ధర్మమే సడలింపు ఇచ్చింది. కోలుకునే ఆశలేని వారి తరఫున ఫిద్యా చెల్లించే మార్గమూ ఉంది. ఆ మాట ఆయా చెబితే వారు వినరు. కొడుకో కూతురో కూర్చుని, అవసరమైతే ఇమామ్ సాహెబ్‌ను వెంటబెట్టుకుని వెళ్ళి నచ్చజెప్పాలి. డాక్టరుతోనూ ముందే మాట్లాడాలి. చివరి ఘడియలు సమీపిస్తే ఎవరికి ముందు ఫోను చేయాలో, ఘుసుల్, జనాజా ఏర్పాట్లు ఎవరు చూస్తారో కూడా రాసి ఉంచడం మంచిది. ఇలాంటి మాటలు ముందే అనుకోవడం అపశకునమేమీ కాదు.

డబ్బు విషయంలో మొగమాటం పనికిరాదు. నెలసరి రుసుములో ఏవేవి కలిసి ఉన్నాయి? మందులు, డైపర్లు, ప్రత్యేక ఆయా ఖర్చు వేరా? అడ్వాన్సు ఎప్పుడు తిరిగి ఇస్తారు? రసీదు, రాతపూర్వక ఒప్పందం లేనిచోట మన మనిషిని వదలకండి.

వంతులు వేసుకుందాం

ఒక్కరే ప్రతి వారం వెళ్ళలేరన్నది నిజమే. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు వంతులు వేసుకోండి. దుబాయిలో ఉన్న తమ్ముడు డబ్బు పంపుతాడు. నాచారంలో ఉన్న అక్క వెళ్ళి చూస్తుంది. ఇద్దరి వాటాలూ సమానమైనవే. వేళ మార్చి మార్చి వెళ్ళండి. ఒకసారి ఉదయం, ఒకసారి భోజనం వేళ, ఒకసారి ఇషా తరువాత. చూసినవి చిన్న నోటుపుస్తకంలో తేదీతో రాయండి. లోపం కనిపిస్తే ముందు మర్యాదగా చెప్పండి, తరువాత రాతపూర్వకంగా ఇవ్వండి. అప్పటికీ మారకపోతే వృద్ధుల కోసం ఉన్న 14567 నెంబరుకు ఫోను చేయండి. అక్కడ ఉచితంగా సలహా, సహాయం లభిస్తాయి. కొట్టడం, కట్టేయడం వంటివి కంటబడితే ఒక్క క్షణం ఆగకుండా పోలీసులకు చెప్పాలి.

జుమా నమాజు అయ్యాక మనలో కొందరు ఆసుపత్రులకు వెళ్ళి రోగులను పరామర్శిస్తారు. ఎంతో పుణ్యకార్యం అది. మసీదుకు దగ్గరలో ఉన్న సంరక్షణ కేంద్రాన్ని కూడా ఆ దారిలో చేర్చుకుందాం. అక్కడ మతభేదం లేకుండా ఎవరూ రాని మంచాలు కొన్ని ఉంటాయి. పదిమంది తరచూ వచ్చిపోయే చోట పనివారు ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచేస్తారు. ఈసారి బంధువులు "అమ్మీ ఎక్కడ?" అని అడిగితే, ఉన్నచోటు చెప్పి, "రండి, కలిసి చూసివద్దాం" అని వెంటబెట్టుకుని వెళ్ళండి. ఆమెకు కావలసింది కూడా అదే.