వేలంలో ఇల్లా? పాట పాడే ముందు ప్రకటన చదవండి!

ఉద్యోగ ప్రకటనల కోసం రోజూ పేపరు తిరగేస్తుంటారు కదా. మధ్యలో ఓ ప్రకటన మీ కంట పడే ఉంటుంది. పైన బ్యాంకు పేరు, కింద సన్నటి అక్షరాలు, కొన్ని పేర్లు, సర్వే నంబర్లు, నాలుగు దిక్కుల హద్దులు, చివర్లో ఒక ధర. చాలామంది చదవకుండానే పేజీ తిప్పేస్తారు. కానీ ఇంట్లో నాన్నో, బాబాయో ఆ ధర దగ్గర ఆగిపోతారు. ‘అక్కడ ఫ్లాట్లు నలభై లక్షలు పలుకుతున్నాయి, ఇది ముప్పైకే వస్తోంది. కాస్త రిపేర్లు చేయించుకుని మనమే ఉండొచ్చు’ అంటారు. ‘డిగ్రీ చదివావుగా, ఇదేంటో చూడు’ అని పేపరు మీ చేతికిస్తారు.

అప్పుడు మీరేం చెబుతారు? మీ మాట మీద ఇంట్లోవాళ్ల ఏళ్ల పొదుపు ఆధారపడి ఉంటుంది. అందుకే ఆ ప్రకటన వెనకున్న కథ తెలుసుకుందాం.

ముందు ఒక మాట. అమెరికాలో అప్పు కట్టలేనివారి ఇంటిని బ్యాంకు తీసుకోవడాన్ని ‘ఫోర్‌క్లోజర్’ అంటారు. మన బ్యాంకుల్లో అదే మాటకు లోనును గడువు కంటే ముందే తీర్చేయడం అని అర్థం. బ్యాంకు ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లు ఈ తేడా గుర్తుంచుకోండి. మన దగ్గర ఇంటిని వేలానికి తెచ్చేది 2002 నాటి సర్ఫేసీ చట్టం.

ఇల్లు వేలానికి ఎలా వస్తుంది?

వాయిదా గడువు దాటి 90 రోజులైనా బాకీ తీరకపోతే ఆ లోను మొండి బాకీల్లో చేరుతుంది. తర్వాత బ్యాంకు 60 రోజుల గడువుతో నోటీసు ఇస్తుంది. ఆలోగా మొత్తం కట్టకపోతే ఇంటిని స్వాధీనం చేసుకోవచ్చు. ఇందుకు ముందుగా కోర్టు తీర్పు తెచ్చుకోనక్కర్లేదు. ఈ చట్టం ప్రత్యేకతే అది. స్వాధీనం చేసుకున్నట్టు ఇంటి తలుపుకు నోటీసు అంటిస్తారు. రెండు పత్రికల్లో ప్రకటన వేస్తారు, అందులో ఒకటి స్థానిక భాషలో ఉండాలి. ఆస్తి విలువ కట్టించి, రిజర్వు ధర నిర్ణయించి, వేలం పెడతారు. మొదటిసారి వేలానికి 30 రోజుల గడువు ఇవ్వాలి. అది కుదరక మళ్లీ పెడితే 15 రోజులు చాలు. పాటకు ఎవరూ రాకపోతే రిజర్వు ధర తగ్గించి మళ్లీ పెట్టడం మామూలే. అంటే తక్కువ ధర కనిపించగానే సంబరపడకుండా, ‘ఇంతకుముందు ఎవరూ ఎందుకు ముందుకు రాలేదు?’ అని అడగాలి.

ఐదు పదాల్లో అసలు సంగతి

వేలం ప్రకటనలో తప్పకుండా ఉండే మాట ఒకటుంది: ‘ఎక్కడున్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే’. స్లాబు కారుతున్నా, కరెంటు బిల్లు బాకీ ఉన్నా, లోపల మనుషులున్నా అదంతా కొన్నవాళ్ల నెత్తినే అని దాని తాత్పర్యం. పాత యజమాని కరెంటు బకాయిలను కొత్తగా కొన్నవారి నుంచి వసూలు చేసే నిబంధనలు చెల్లుతాయని 2023లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కాబట్టి కరెంటు ఆఫీసు, మున్సిపాలిటీ, అపార్ట్‌మెంట్ అసోసియేషన్... మూడు చోట్లా బాకీ ఎంతో పాటకు ముందే కనుక్కోవాలి.

రెండోది, స్వాధీనం ఎలాంటిది? ‘ఫిజికల్ పొజెషన్’ అంటే తాళం బ్యాంకు చేతిలో ఉన్నట్టు. ‘సింబాలిక్ పొజెషన్’ అంటే స్వాధీనం కాగితం మీదే. లోపల పాత యజమానో, అద్దెకున్నవాళ్లో ఉండొచ్చు. వాళ్లను ఖాళీ చేయించడానికి బ్యాంకు జిల్లా మేజిస్ట్రేట్‌నో, నగరాల్లో అయితే చీఫ్ మెట్రోపాలిటన్ మేజిస్ట్రేట్‌నో ఆశ్రయించాలి. అది నెలల తరబడి సాగొచ్చు. అద్దె ఒప్పందం తనఖా కంటే ముందుదైతే ఇంకో చిక్కు. కొని ఉందామనుకునేవాళ్లకు ఈ ఒక్క పదం చాలా ముఖ్యం. ఇటు అద్దె, అటు కొత్త లోను వాయిదా రెండూ కట్టుకుంటూ తాళం కోసం ఎదురుచూడటం చిన్న విషయం కాదు.

డబ్బు లెక్క ఇదీ

రిజర్వు ధర 30 లక్షలు అనుకుందాం. పాటలో పాల్గొనడానికి సాధారణంగా అందులో పది శాతం, అంటే 3 లక్షలు ముందే ధరావతు కట్టాలి. మీవాళ్లు 32 లక్షలకు పాట గెలిచారు. అదే రోజు, లేదంటే మర్నాటి పని దినానికల్లా 25 శాతం, అంటే 8 లక్షలు పూర్తి చేయాలి. ధరావతు పోగా ఇంకో 5 లక్షలు సిద్ధంగా ఉండాలన్నమాట. మిగతా 24 లక్షలు అమ్మకం ఖరారైన 15 రోజుల్లోగా కట్టాలి. బ్యాంకు ఒప్పుకుంటే గడువు పెరుగుతుంది, అదీ మూడు నెలలు దాటకూడదు.

కట్టలేకపోతే? ఆ 8 లక్షలూ పోతాయి. ‘లోను ఆలస్యమైంది సార్’ అంటే కుదరదు. మొత్తం 25 శాతం సొమ్మునూ బ్యాంకు జప్తు చేసుకోవచ్చని 2024లో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. మామూలు ఇంటి కొనుగోలులో బేరం కుదిరాక లోను కోసం తిరుగుతాం. ఇక్కడ లోను మాట ముందే ఖాయం చేసుకుని పాటకు వెళ్లాలి. వేలం ఆస్తికి ఇస్తారా, ఎన్ని రోజుల్లో ఇస్తారు, మరమ్మతులకు విడిగా ఇస్తారా అని బ్యాంకులో ముందే అడగండి. స్టాంపు డ్యూటీ ఖర్చు కూడా పక్కన పెట్టుకోండి.

రిపేర్లా, గుదిబండా?

మూతపడిన ఇల్లు త్వరగా పాడవుతుంది. సున్నం, రంగులు చూసి లెక్క వేయకండి. పై అంతస్తయితే టెర్రస్ మీదికెక్కి చెమ్మ ఉందేమో చూడాలి. స్లాబు పెచ్చులూడి, తుప్పు పట్టిన ఇనుము కనిపిస్తోందంటే అది రంగులతో పోయే జబ్బు కాదు. బాత్రూముల కింద లీకులు, వైరింగు, బోరు, మోటారు, డ్రైనేజీ ఒక్కొక్కటీ చూసుకోవాలి. ఆస్తిని చూడటానికి ప్రకటనలోనే ఒక తేదీ ఇస్తారు. ఆ రోజు తెలిసిన సివిల్ ఇంజినీర్‌నో, అనుభవమున్న మేస్త్రీనో వెంట తీసుకెళ్లండి. సివిల్ చదివిన ఫ్రెండ్ ఉంటే ఇంకేం! బయటి నుంచే చూడనిస్తే, లోపలి ఖర్చు తెలియనట్టే లెక్క. ఆ మేరకు మీ పాట తగ్గాలి.

కాగితాల పని కూడా మీరే చేయొచ్చు. ఈసీ తీయించడం, లింకు డాక్యుమెంట్లు లాయరుకు చూపించడం, ఇంకెక్కడైనా తనఖా ఉందేమో సెర్సాయ్ రిజిస్ట్రీలో వెతకడం, అనుమతించిన ప్లానుకూ కట్టిన ఇంటికీ పొంతన ఉందో లేదో చూడటం. ప్రభుత్వ రంగ బ్యాంకుల వేలం ఆస్తులు ‘బ్యాంక్‌నెట్’ పోర్టల్‌లో కనిపిస్తాయి. హైదరాబాద్, విశాఖల్లో రుణ వసూలు ట్రైబ్యునళ్లు ఉన్నాయి. ఆ ఇంటి మీద అక్కడ కేసు ఉందా అన్నది ముఖ్యమైన ప్రశ్న. స్వాధీనం జరిగిన 45 రోజుల్లోగా పాత యజమాని అక్కడికి వెళ్లొచ్చు. కేసు తేలేదాకా మీ రిపేర్ల డబ్బుకు భరోసా ఉండదు.

ఆ పేర్లు ఎవరివి?

ప్రకటనలో ధరకు ముందు కొన్ని పేర్లున్నాయని చెప్పుకున్నాం కదా. అప్పు తీసుకున్నవారు, సహ రుణగ్రహీతలు, హామీదారులు. చాలాసార్లు అది ఒక కుటుంబం. వ్యాపారం దెబ్బతినో, ఉద్యోగం పోయో, జబ్బు చేసో వాయిదాలు ఆగిపోయి ఉంటాయి. చట్టప్రకారం జరిగిన వేలంలో కొనడం తప్పు కాదు. కానీ ఆ పేర్ల నుంచి మీరు నేర్చుకోవాల్సింది ఒకటుంది.

రేపు ఉద్యోగం రాగానే ‘ఇంటి లోనుకు నీ సంతకం కూడా పెట్టు’ అంటారు. ఫ్రెండ్ హామీ సంతకం అడుగుతాడు. సాధారణంగా ఏడున్నర లక్షలు దాటిన విద్యా రుణానికి బ్యాంకులు ఆస్తి తనఖా అడుగుతాయి. అంటే మీ చదువు కోసం మీ ఇంటి కాగితాలే బ్యాంకులో ఉండి ఉండొచ్చు. వాయిదా కట్టలేని పరిస్థితి వస్తే ఫోన్ ఎత్తకుండా ఉండకండి. 60 రోజుల నోటీసు వచ్చిందంటే రాతపూర్వకంగా జవాబివ్వండి. బ్యాంకు 15 రోజుల్లో బదులివ్వాలి. వేలం ప్రకటన వెలువడేలోగా బాకీ మొత్తం కడితే ఇల్లు దక్కుతుంది. ప్రకటన వచ్చాక ఆ హక్కు ఉండదని 2023లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. నోటీసును బీరువాలో దాచిన ప్రతి రోజూ చేతిలోంచి జారిపోయినట్టే.

కొలువుల దారీ ఉంది

ఈ ఒక్క ప్రకటన వెనక ఎంతమంది పని ఉందో గమనించారా? వేలం నడిపే ‘ఆథరైజ్డ్ ఆఫీసర్’ ప్రభుత్వ రంగ బ్యాంకులో చీఫ్ మేనేజర్ స్థాయికి తగ్గకూడదు. ఇవాళ పీవోగా చేరేవాళ్లు రేపు చేరే మెట్టు అది. విలువ కట్టేది వాల్యుయర్. సివిల్ ఇంజినీరింగ్ చదివి, తగిన అనుభవం సంపాదించి, పరీక్ష రాసి రిజిస్టర్డ్ వాల్యుయర్ కావచ్చు. లా చదివినవాళ్లకు టైటిల్ పరిశీలన, ట్రైబ్యునల్ కేసులు ఉన్నాయి.

కాబట్టి ఈసారి పేపర్లో అలాంటి ప్రకటన కనిపిస్తే పేజీ తిప్పేయకండి. పెన్ను తీసుకుని నాలుగు చోట్ల గీత గీయండి: స్వాధీనం ఎలాంటిది, తెలిసిన బకాయిలు ఎంత, చూసే తేదీ ఎప్పుడు, డబ్బు గడువు ఎన్నాళ్లు. ఆ నాలుగింటికీ జవాబు దొరికాకే నాన్నకు ‘వెళ్దాం’ అని చెప్పండి. దొరకకపోతే ‘ఇది వద్దు నాన్నా’ అని ధైర్యంగా చెప్పండి. ఆ ఒక్క మాట ఎనిమిది లక్షలు మిగల్చొచ్చు.